భూమి స్వభావం అనే గడి

నన్ను ఎవరికైనా పరిచయం చెయ్యాల్సి వస్తే మావయ్య ఒకే మాట చెప్పేవారు. ‘‘మా మేనకోడలండి. తత్వం చదివిందండి.’’ అమ్మకు ఆయన ఒక్కగానొక్క తమ్ముడు. కొల్లేరులో ఒక లంక ఊరు ఆయనది. ఎకరంన్నర పొలం, ఒక తాటిదోనె, చేపల కోసం వెదురుతో అల్లుకున్న నాలుగు మావులు, అంతే ఆయన ఆస్తి. ఐదో తరగతితో బడి మానేశారు. అమ్మ టీచర్ ట్రైనింగ్‌తో ఆగిపోయింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే కాబట్టి, నేనేం చదివానో నలుగురికీ చెప్పే బాధ్యత ఆయన నెత్తిన వేసుకున్నారు.

చిక్కేమిటంటే ఆ ఊళ్ళల్లో తత్వం అంటే తంబురా మీటుకుంటూ ఇంటింటికీ వచ్చే బైరాగి పాడే పాట. నేను యూనివర్సిటీలో ఎమ్మే చదివి అలాంటి పాటలు నేర్చుకొచ్చానని ఊరంతా అనుకుంది. ఒకసారి మావయ్య వాళ్ళ వీధిలో ఎవరో పోతే పలకరించడానికి వెళ్ళాను. శవం పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ‘‘ఓ తత్వం అందుకోమ్మా, ఆయనకి ఇష్టం’’ అంది. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. నాకు వచ్చినవన్నీ ఆదివారం పాడుకునే పాటలే. రావండీ అంటే ఆవిడ నమ్మలేదు. చదువుకున్నవాళ్ళకి గర్వం ఉంటుందిలే అన్నట్టు చూసింది. మావయ్య మాత్రం బయటికొచ్చాక నెమ్మదిగా, ‘‘మరేం నేర్చుకున్నావమ్మా అన్నేళ్ళు?’’ అని అడిగారు. ఎగతాళి కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆయన దగ్గర ఎన్నిసార్లు తంటాలు పడ్డానో లెక్కలేదు. నేను తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు నెలకోసారి వచ్చేవారు. నాన్న లేరు, అమ్మకు ఏలూరులో బడి వదిలి రావడం కుదరదు. అందుకని ఆయనే దోనె దిగి, బస్సెక్కి, రైలెక్కి, స్టీలు క్యారియర్‌లో అత్తయ్య వండిన కొరమీను పులుసు పట్టుకుని వచ్చేవారు. హాస్టల్ వరండాలో కూర్చోబెట్టి, ‘‘ఈ నెల ఏం చెప్పేరు?’’ అనేవారు. ఉన్నది అంటే ఏమిటి, అది ఉందని మనకెలా తెలుస్తుంది అని చెబుతున్నారు మావయ్యా అన్నానొకసారి. ఆయన ఖాళీ క్యారియర్ పట్టుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ నెల వచ్చి, చెప్పులు విప్పుతూనే, ‘‘అమ్మాయ్, పోయిన్నెల నువ్వు చెప్పిందాన్ని దోనెలో కూర్చుని ఆలోచించేనమ్మా. ఉన్నదైతే చేతికి తగుల్తాది. నేలా తగుల్తాది, నీరూ తగుల్తాది. మరి బురద సంగతేంటి? అది నేలా, నీరా?’’ అన్నారు. నేను నవ్వేశాను. పరీక్షలో అలాంటి ప్రశ్న రాదు మావయ్యా అన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే నాకు నా మీదే ఒళ్ళు మండుతుంది.

ఆ తరవాత నేను అదే తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. ఏలూరులో అమ్మ దగ్గరే ఉంటూ రోజూ రైల్లో వెళ్ళి వస్తున్నాను. చేరిన మూడో ఏడు ఫిలాసఫీకి పిల్లలు రావడం లేదని ఆ పేపర్లు ఎత్తేశారు. నన్ను పంపించెయ్యలేక పొలిటికల్ సైన్సు వాళ్ళ దగ్గర రెండు పేపర్లు తీసి నాకు అంటగట్టారు. వాళ్ళకు నేను రాజకీయం తెలియని మనిషిని. నాకు వాళ్ళు మూలంలోకి వెళ్ళని మనుషులు. స్టాఫ్‌రూమ్‌లో నా కుర్చీ కూడా రెండు బల్లల మధ్య, ఎవరిదీ కాని చోట ఉండేది. టీ వచ్చినప్పుడు ఆ బల్ల మీద కప్పు పెట్టాలా ఈ బల్ల మీద పెట్టాలా అని అటెండర్ తటపటాయించేవాడు.

ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టిన నా పీహెచ్‌డీ విషయం కూడా సరిగ్గా అదే. విమర్శ సిద్ధాంతంలో తత్వమీమాంసకూ రాజకీయానికీ ఉన్న సంబంధం. పేరు చూసి భయపడనక్కర్లేదు. సంగతి చిన్నదే. లోకంలో ఏది ఉంది, దాని స్వభావం ఏమిటి అని అడిగేది తత్వమీమాంస. ఆ మాట చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంది, దాంతో వాళ్ళు ఎవరిని తొక్కుతున్నారు అని అడిగేది రాజకీయం. రెండింట్లో ఏది ముందు? ఏది ఉందో తేల్చుకోకుండా ఏది అన్యాయమో ఎలా చెబుతావని ఒక పక్షం. ఏది ఉందో తేల్చే కుర్చీలో కూర్చున్నవాడే అన్యాయం చేసేది, ముందు వాడి సంగతి చూడమని ఇంకో పక్షం. ఏడేళ్ళు ఈ రెండు పక్షాల మధ్యా తిరిగాను. రోజూ రైల్లో చదువుకుంటుంటే దెందులూరు దాటేసరికి మొదటి పక్షం గెలిచేది. భీమడోలులో రెండోది. పూళ్ళ వచ్చేసరికి ఉల్లిపాయల బస్తాలవాళ్ళు ఎక్కి నా పుస్తకం మీద మోచేతులు ఆనించేవారు. ఇక అక్కణ్ణించి ఎవరూ గెలిచేవారు కాదు.

నా గైడు మంచివారే, కానీ ఆయనా నన్ను ఒక గట్టున పడెయ్యలేదు. ఒక చాప్టర్ ఇస్తే ‘ఇందులో రాజకీయం ఎక్కడ?’ అని పెన్సిల్‌తో రాసి పంపేవారు. రాజకీయం దట్టించి మళ్ళీ ఇస్తే ‘ఇందులో తత్వం ఎక్కడ?’ అని అదే పెన్సిల్‌తో రాసేవారు.

అయితే ఒక్క విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు. స్వభావం అనే మాట నాకు గిట్టదు. ఆడదాని స్వభావం, కూలివాడి స్వభావం, ఫలానా కులం స్వభావం. మా ముత్తాతల స్వభావం ఇదీ అని ఊరు ఎప్పుడో తేల్చేసింది కాబట్టే వాళ్ళు మిషన్ బడి మెట్లెక్కారు, అక్కడైనా ఎవరైనా వేరే మాట చెబుతారేమోనని. దేనికైనా సరే మారని స్వభావం ఉందంటే, అది మారకుండా ఉండటం వల్ల బాగుపడేవాడు ఒకడు ఉంటాడు. ఏ వస్తువుకూ, ఏ మనిషికీ స్థిరమైన స్వభావం లేదని ఒప్పుకోవడమే బలహీనుడికి మొదటి ఊపిరి. నా థీసిస్‌లో నాకు నచ్చిన ఒకే ఒక్క చాప్టర్ అది. గైడు కూడా దాని మీద పెన్సిల్ పెట్టలేదు.

ఆ చాప్టర్ పూర్తిచేసిన వేసవిలోనే మావయ్య ఫోన్ చేశారు. కొల్లేరు హద్దు మళ్ళీ కొలుస్తున్నారని చెప్పారు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున కాగితం మీద ఒక గీత ఉంటుంది, ఐదో కాంటూరు అంటారు. అక్కడ అక్షరం ముక్క రానివాళ్ళకు కూడా ఆ మాట వచ్చు. గీతకు లోపలుంటే సరస్సు, అక్కడ సాగు కుదరదు. బయటుంటే భూమి. మావయ్య పొలం సరిగ్గా గీత దగ్గర ఉంది. అలా గీతను ఆనుకుని ఉన్న పొలాలవాళ్ళందరూ ఒక ఫారం నింపి ఇవ్వాలన్నారట. ‘‘నువ్వొచ్చి రాసి పెట్టమ్మా. మాటలు నీకు తెలుసు కదా’’ అన్నారు.

ఆదివారం చర్చి అయ్యాక బస్సులో వెళ్ళాను. దారికి రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, నీళ్ళల్లో గిరగిరా తిరిగే చక్రాలు. ఈ చెరువులు కొల్లేరును మింగేస్తున్నాయని నేనే క్లాసులో చెబుతుంటాను. సరస్సును సరస్సుగా ఉండనివ్వాలని, పక్షులకూ ఒక హక్కు ఉంటుందని, పిల్లల చేత పోస్టర్లు కూడా వేయించాను. ఆ పోస్టర్లు వేయించిన చేత్తోనే మావయ్య పొలం గీతకు బయట ఉందని రాయడానికి వెళుతున్నానన్న సంగతి బస్సులో ఒకసారి తట్టింది. తట్టి ఊరుకుంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మావయ్య పొలంలో అప్పటికి రెండో పంట, దాళ్వా కోత అయిపోయింది. నేల నెర్రెలిచ్చి ఉంది. అదే చోట భాద్రపదంలో మావులు పెట్టి చేపలు పడతారు. ఆయన నోట పొలం అనే మాటే రాదు. రెండు కాలాల్లోనూ ‘కొల్లేరు’ అంటారు. కొల్లేరు దున్నేం అంటారు, కొల్లేరు నిండింది అంటారు. మా అమ్మ పుట్టిల్లంతా అలాగే మాట్లాడుతుంది. చిన్నప్పుడు నాకది వింతగా కూడా అనిపించేది కాదు.

అరుగు మీద కూర్చుని ఫారం తీశాను. సర్వే నంబరు రాశాను, విస్తీర్ణం రాశాను. మూడో గడిలో ‘భూమి స్వభావం’ అని ఉంది.

నాకు నవ్వొచ్చింది. ఏడేళ్ళు నేను ఏ మాటతో కుస్తీ పడుతున్నానో ఆ మాట ఒక సర్కారు కాగితం మీద, అంగుళం వెడల్పు గడిలో కూర్చుని ఉంది. పక్క పొలం ఆయన కూడా అప్పుడే ఫారం పట్టుకొచ్చాడు. ఆయన ఆలోచించను కూడా లేదు. నా పెన్ను అడిగి తీసుకుని ‘మాగాణి’ అని రాసి, పెన్ను తిరిగిచ్చి వెళ్ళిపోయాడు. వరి పండే తడి నేల అని. ఆయన పొలానికీ మావయ్య పొలానికీ మధ్య గట్టు తప్ప ఏ తేడా లేదు.

‘‘మనం కూడా అదే రాసేద్దామా?’’ అన్నారు మావయ్య.

‘‘అది పూర్తి నిజం కాదు కదా మావయ్యా. సగం ఏడాది నీళ్ళుంటాయి కదా’’ అన్నాను.

‘‘ఉంటాయమ్మా.’’

‘‘మరి ఉన్నదున్నట్టు రాద్దాం. వాళ్ళు స్వభావం అడిగేరు కాబట్టి, అసలు స్వభావం అనేది ఇలా ఉండదని వాళ్ళకీ తెలియాలి.’’

ఆయన తలూపారు. ఆ తలూపడంలో ఉన్న నమ్మకం నాకు గుర్తుంది. నేను ఇంకో తెల్లకాగితం తీసుకుని, గడిలో ‘జతపరిచిన కాగితం చూడగలరు’ అని రాసి, ఆ కాగితం మీద ఇలా రాశాను: ఈ భూమికి ఒకే ఒక స్థిరమైన స్వభావం లేదు. సంవత్సరంలో కొంతకాలం నేలగానూ కొంతకాలం నీరుగానూ ఉంటుంది. దీనిని నేల అనో నీరు అనో విడదీసి చెప్పడం ఇక్కడి జీవితానికి న్యాయం చెయ్యదు. రాసి, పైకి చదివి వినిపించాను. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి విన్నది. మావయ్య రెండోసారి చదవమన్నారు. ‘‘బురద సంగతి తేలిపోయింది కదమ్మా’’ అని నవ్వి, కింద సంతకం పెట్టారు. ఆ రోజు ఏలూరు తిరిగొచ్చేటప్పుడు నేను ఎంత సంబరంగా ఉన్నానో చెబితే సిగ్గుగా ఉంటుంది. నా చదువు మొదటిసారి మా వాళ్ళకు పనికొచ్చిందనుకున్నాను.

మూడు నెలల తరవాత మావయ్యకు ఒక కాగితం వచ్చింది. ఆయన దాన్ని ప్లాస్టిక్ సంచీలో చుట్టి, సంచీని చొక్కా లోపల పెట్టుకుని, వానలో ఏలూరు వచ్చారు. నేను చదివాను. దరఖాస్తుదారు తన భూమి ఏటా నీట మునిగి సరస్సులో కలుస్తుందని స్వయంగా అంగీకరించినందున దానిని సరస్సు భాగంగా పరిగణించాలని నిర్ణయించడమైనది. గట్లు తీసివేయాలి. ఇకపై సాగు చెయ్యరాదు. అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకోవచ్చు. మాగాణి అని ఒక్క మాట రాసిన పక్క పొలం గీతకు బయట ఉండిపోయింది. నాలుగు మాటలు ఎక్కువ రాసిన మా పొలం లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివినా నాకు అంతు చిక్కలేదు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నేను రాసిన మాటలే కాస్త తిప్పి నాకే రాశారు. స్థిరమైన స్వభావం లేదని చెబితే బలహీనుడికి ఊపిరి అందుతుందని నేనే కదా రాశాను? ఇక్కడ అదే మాట మావయ్య ముక్కు మూసింది. దీనికి స్వభావం ఉంది, ఇది మాగాణి, ఎప్పటికీ మాగాణే అని గట్టిగా చెప్పినవాడి నేల నిలిచింది. అయితే స్వభావాన్ని నమ్మాలా? నమ్మితే మా ముత్తాతల సంగతేమిటి? పోనీ ఆ కాగితం పంపినవాళ్ళు తప్పు చేశారా అంటే, సరస్సును సరస్సుగా ఉంచాలని పోస్టర్లు వేయించినదాన్ని నేనే. తప్పు ఎక్కడుందో వెతుకుతుంటే ప్రతిసారీ నా చేతి రాతే కనపడేది. గైడుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన అంతా విని, ‘‘ఇది మంచి ఉదాహరణ. ముగింపులో వాడుకోవచ్చు’’ అన్నారు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. కోపంతో ఏడ్చానో, భయంతో ఏడ్చానో అది కూడా తెలియదు.

మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అత్తయ్య మాత్రం ఫోన్లో, ‘‘గట్లు తీసెయ్యమంటే మేం ఎక్కడ నిలబడాలమ్మా?’’ అని అడిగింది. ఆ పొలం వదిలితే వాళ్ళకు ఇంకోటి లేదు. అరవై దాటిన మనిషి వేరేవాళ్ళ చేపల చెరువు మీద కాపలాకి పోవాలి. ఆ ఊళ్ళో పొలం పోయిన ముసలివాళ్ళు చేసేది అదే.

అప్పీలు కోసం ఏలూరులో ఒక ప్లీడరుగారి గుమాస్తా దగ్గరికి వెళ్ళాం. చాలా మర్యాదస్తుడు. నేను రాసిన కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

‘‘ఏవండీ మేడంగారూ, ఇది ఎవరు రాసేరండీ?’’

‘‘నేనేనండి.’’

‘‘చాలా బాగుందండి. కానీ ఈ గడిలో స్వభావం అంటే మీరనుకున్న స్వభావం కాదండి. మాగాణా, మెట్టా, అంతేనండి. ఒక్క మాట రాయాలండి.’’

అంతేనండి అన్న ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆయన దానికి ఉపాయం కూడా చెప్పాడు. ఆ కాగితం రాసింది నేనేనని, ఆ పదం అర్థం తెలియక రాశానని నేను అఫిడవిట్ ఇవ్వాలి. విచారణలో మావయ్య మాగాణి అని ఒక్క మాట చెబితే చాలు, పాతది కొట్టేస్తారు. ఇలాంటివి రెండు మూడు అయ్యాయట. టైపు మిషన్ మీద కాగితం ఎక్కించి, పైకి చదువుతూ కొట్టాడు: స్వభావం అను పదమునకు అర్థము తెలియక, నా సొంత ఊహతో, పై విధముగా వ్రాసి ఉన్నాను.

మావయ్య కుర్చీ అంచు మీద కూర్చుని వింటున్నారు. ‘‘అమ్మాయికి తెలీదని రాయాలాండీ?’’ అన్నారు.

‘‘ఆయ్, అలాగే రాయాలండి.’’

‘‘చూసుకోలేదని రాస్తే సరిపోదాండీ? తొందర్లో రాసేసిందని?’’

‘‘అలా చెల్లదండి. తెలీదంటేనే చెల్లుద్దండి.’’

‘‘ఫరవాలేదు మావయ్యా, మాటే కదా’’ అన్నాను. కాస్త విసుగ్గానే అన్నాను. పొలం పోతుంటే ఈయనకు నా పరువు ఎందుకు అనిపించింది. నాకు సంతకం పెట్టడానికి కష్టంగా ఉన్న మాట నిజమే, కానీ అది వేరే కారణం. నేను ఇస్తున్నది అబద్ధపు అఫిడవిట్ అనుకున్నాను. ఆ మాట మీద ఒక చాప్టర్ రాసిన మనిషిని కదా. పెట్టేశాను. గుమాస్తా ముద్ర వేశాడు. బయటికొచ్చాక మావయ్య బస్టాండ్ దాకా గొడుగు నా మీదే పట్టి తను తడుస్తూ నడిచారు.

విచారణ రోజు హాలు నిండా జనం. గీత దగ్గరి పొలాలవాళ్ళు, పెద్ద చెరువులవాళ్ళ తరఫున ఫైళ్ళు పట్టుకొచ్చిన మనుషులు. అధికారి స్థానంలో నా వయసే ఉన్న ఒకావిడ కూర్చుంది. ఓపికగా ఉంది. ఎవర్నీ కసురుకోలేదు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. ఆవిడ అఫిడవిట్ చదివి తలెత్తింది.

‘‘మీరు లెక్చరరాండీ?’’

‘‘అవునండి.’’

‘‘ఏం సబ్జెక్టండీ?’’

‘‘ఫిలాసఫీ అండి.’’

ఆవిడకు చిన్న నవ్వు వచ్చింది. చెడ్డ నవ్వు కాదు. ‘‘స్వభావం అంటే మీకు తెలీదాండీ?’’

‘‘తెలీదండి’’ అన్నాను.

హాల్లో కొందరు నవ్వారు. వెనకనుంచి ఎవరో, మరి పిల్లలకేం చెబుతున్నారోనండి అన్నారు. ఇంకొందరు నవ్వారు. అంతకంటే పెద్ద అవమానాలు స్టాఫ్‌రూమ్‌లో పడ్డాను. నా మనసంతా మావయ్య చెప్పాల్సిన ఒక్క మాట మీదే ఉంది. బస్సులో వచ్చేటప్పుడు మూడుసార్లు చెప్పించాను కూడా.

ఆవిడ మావయ్య వైపు తిరిగింది. ‘‘చెప్పండి పెద్దాయనా. మీ భూమి మాగాణేనాండీ?’’

మావయ్య లేచి నిలబడ్డారు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నారు. ఆవిడ వైపు కాక, నవ్విన వాళ్ళ వైపు చూశారు.

‘‘మొదట మా అమ్మాయి రాసిందే నిజవండి’’ అన్నారు. ‘‘ఎండల్లో నేలండి, వానల్లో నీరండి. అది తెలిసే రాసిందండి. తెలీదని సంతకం పెట్టమని నేనే బలవంతం చేసేనండి. ఆ అమ్మాయికి తెలుసండి.’’

హాల్లో ఎవరూ నవ్వలేదు. గుమాస్తా వెనక బెంచీ మీద కూర్చుని నుదురు పట్టుకున్నాడు. ఆ అధికారిణి పెన్ను కింద పెట్టి, ‘‘ఇంకోసారి ఆలోచించుకుని చెప్పండి, ఇది రాసుకుంటాను మరి’’ అంది. పాపం, ఆవిడ అవకాశం ఇచ్చింది. ఆలోచించే చెప్పేనండి అన్నారు మావయ్య. ఆవిడ రాసుకుంది.

బయటికొచ్చి మెట్ల మీదే ఆయన మీద విరుచుకుపడ్డాను. జీవితంలో ఎప్పుడూ ఆయన మీద గొంతు పెంచి ఎరగను. ‘‘ఏం చేసేరు మావయ్యా మీరు? ఒక్క మాట కదా. అత్తయ్యకి ఏం చెబుతారు? రేపట్నించి ఎవరి చెరువు మీద కాపలా ఉంటారు?’’ అని అడిగాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

ఆయన నేను అరవడం అయ్యేదాకా ఆగారు.

‘‘నిన్ను చూసి నవ్వేరమ్మా’’ అన్నారు. ‘‘అన్నేళ్ళు చదివేవు. హాస్టల్‌కి నేనొచ్చి ఏం చెప్పేరు, ఏం చెప్పేరు అని అడిగేవోణ్ణి. తెలీదని నువ్వు అంతమందిలో అంటే, నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మనింట్లో ఒక్కరికైనా తెలియాలి కదా.’’

అప్పీలు కొట్టేశారు. గట్లు తీసేశారు. ఆ ఎకరంన్నర ఇప్పుడు కాగితం మీద సరస్సు. మావయ్య ఒక చేపల చెరువు మీద కాపలా ఉంటున్నారు. చెరువు ఆసామి ఇచ్చిన ఈలతో పగలంతా కొంగల్ని తోలుతుంటారు. నా థీసిస్ ఇంకా ఇవ్వలేదు. స్వభావం చాప్టర్ ఎన్నిసార్లు తిరగరాసినా రెండో పేజీ దాటడం లేదు. ఉందని రాస్తే కొట్టేస్తున్నాను, లేదని రాస్తే కొట్టేస్తున్నాను. మొన్న వెళ్ళినప్పుడు కూడా ఆయన చెరువు గట్టు మీద తన పక్కనున్న ముసలాయనకు నన్ను చూపించి, తత్వం చదివిందండి, అమ్మాయికి అన్నీ తెలుసండి అన్నారు. నేను తలొంచుకుని నిలబడ్డాను. ఆ అఫిడవిట్‌లో ఉన్నదే నిజమని, నాకు నిజంగానే తెలీదని, మావయ్యకు ఇంతవరకూ చెప్పలేదు.